మెత్తని నేల మీద సరోజన వదిన సైన్యం

మా సరోజన వదిన కన్నుమూసింది. ఈ ఒక్క వాక్యం రాసి చాలాసేపు కలం పక్కన పెట్టవలసి వచ్చింది. ఆ ఉదయం బడిలో ప్రార్థన ముగిసి పిల్లలు తరగతులకు వెళ్తుండగా అన్న కూతురు స్వప్న ఫోన్ చేసింది. "చిన్నబాపూ, అమ్మ లేస్తలేదు" అన్నది. నిద్ర లేవడం లేదనే అనుకుని, "డాక్టర్‌ను పిలిచిన్రా?" అని అడిగాను. "డాక్టరే చెప్పిండు" అన్నది స్వప్న. అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. ముందు రోజు సాయంత్రమే వదిన నాతో మాట్లాడింది. మా బడి తోవలో కొత్తగా చెప్పులు తయారుచేసే దుకాణం తెరిచారట. "షీట్ల ముక్కలు గిట్ల పారేస్తరేమో జర అడుగు సారూ" అని పని పురమాయించింది. అంత ఉత్సాహంతో రేపటిని గురించి మాట్లాడిన మనిషికి ఆ రేపు లేకుండా పోవడం నా మనసుకు ఇంకా ఎక్కడం లేదు.

సూరత్‌లోని లింబాయత్ చుట్టుపక్కల స్థిరపడిన మన నేత కుటుంబాలలో ఆమెను ఎరుగనివారు తక్కువ. కొందరికి ఆమె చీరలకు మెరుపు రాళ్లు అతికే సరోజన. మరికొందరికి 'మిలట్రీ బొమ్మల సరోజన'. ఈ రెండో పేరు వెనుక ఉన్న మనిషి అందరికీ తెలియదు. ఆ జిజ్ఞాసను, ఆ మంకుపట్టును దగ్గరగా చూసిన మరిదిగా నాలుగు మాటలు రాయడం నా విధి అనిపించింది.

మా అన్న రాజలింగం సిరిసిల్ల ప్రాంతం నుంచి పవర్‌లూమ్ పనికి సూరత్ వచ్చాడు. పెళ్లయ్యాక వదిన వచ్చింది. కింద మగ్గాలు, పైన కాపురం. మగ్గాలు నడుస్తున్నంతసేపూ ఆ గది గజగజ వణికేది. అటక మీద స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతుండేవి. కొత్తవాళ్లకు తల తిరిగేది. వదిన మాత్రం ఆ కంపనం మధ్యనే చట్రానికి చీర బిగించి, జిగురు చుక్క పెట్టి, చుక్క మీద రాయి పెట్టి, వేలితో నొక్కుతూ కూర్చునేది. ఒక్క రాయి పక్కకు జరిగేది కాదు.

స్వప్న చిన్నపిల్లగా ఉన్నప్పుడు జ్వరపడి లేచింది. దాన్ని సంతోషపెడదామని వదిన చౌటా బజార్‌కు వెళ్లి ఒక ప్లేసెట్, అదే ఆటబొమ్మల డబ్బా, కొనుక్కొచ్చింది. ఆకుపచ్చ సైనికులు, మట్టిరంగు సైనికులు, ఒక జీపు, ఒక జెండా, ఫోముతో చేసిన చిన్న కొండ. స్వప్న ఆ కొండను తల కింద పెట్టుకుని పడుకుంది. సైనికులను ముట్టనైనా లేదు. వదిన మాత్రం ఒక్కొక్క సైనికుణ్ణి వేళ్ల మధ్య పట్టుకుని, వెలుగుకు ఎత్తి, చీర రాయి నాణ్యం చూసినట్టు చూసింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"సారూ, అందరు తుపాకులు పట్టుకున్నరు. వీడొక్కడే ఫోన్ల మాట్లాడుతున్నడు. ఎవనితోని మాట్లాడుతున్నడంటవ్?"

"పై అధికారితో కావచ్చు వదినా."

"మరి ఆ అధికారి ఏడున్నడు? డబ్బల లేడు గదా!"

అధికారి కోసం వెతుకులాట అలా మొదలైంది. ఇంకో డబ్బా కొంటే అందులో ఉంటాడేమోనని కొన్నది. అందులో దుర్భిణి పట్టుకున్నవాడు దొరికాడు గాని అధికారి దొరకలేదు. మరో డబ్బాలో పాకేవాడు దొరికాడు. కొంతకాలానికి అధికారిని మరిచిపోయి, దొరికిన ప్రతివాడి మీదా ప్రేమ పెంచుకుంది. మా వాడకట్టులో నవ్వనివాళ్లు లేరు. "ఆడమనిషికి యుద్ధం బొమ్మలేందే?" అని అడిగేవారు. ఆమె జవాబు ప్రతిసారీ మారేది. నాతో ఒకసారి అన్నది: "నా ఇంట్ల నేల, గోడ, గిన్నెలు అన్ని కదుల్తయి. వీళ్లు జూడు, ఒక్క తీరుగ నిలబడ్డరు. అందుకే మనసైంది."

కాని ఆ ఇంట్లో వాళ్లు కూడా నిలబడలేదు. బల్ల మీద వరుసగా పెట్టిన సైన్యం కింద మగ్గాలు మొదలుకాగానే అంగుళం అంగుళం జరిగి అంచు దాటి కింద పడేది. గోధుమపిండి ముద్దల్లో గుచ్చింది, చీమలు పట్టాయి. బంక పెట్టి అతికింది, "కాళ్లు విరుగుతున్నయి పాపం" అని మానుకుంది. ఒకనాడు ఇల్లు సర్దుతూ స్వప్న తలగడగా వాడే కొండను బల్ల మీద పెట్టి, దాని మీద ఊరికే ఇద్దరిని నిలబెట్టింది. కింద మగ్గాలన్నీ నడుస్తున్నాయి. బల్ల వణికింది, కొండ వణకలేదు. పై ఇద్దరూ పడలేదు. వదిన వంట వదిలేసి దాని ముందు కూర్చున్నది. అన్న అన్నానికి వచ్చేసరికి పప్పు మాడిపోయి ఉంది.

"ఏందిది?" అన్నాడు అన్న.

"కింద మెత్తగుంటె మనిషి నిలబడ్తడు" అన్నది వదిన.

ఫోము మహిమను ఆమె కనుగొన్నది అలా. అప్పటినుంచి ఆమె దృష్టి సైనికుల మీది నుంచి వారు నిలబడే చోటు మీదికి మళ్లింది. సెట్టుతో వచ్చే సామగ్రి చాలక తానే కోయడం మొదలుపెట్టింది. కొండలు, ఇసుక బస్తాల గోడలు, కందకాలు, వంతెనలు. "బొమ్మ అంగట్ల దొరుకుతది సారూ, జాగ మనమే చెయ్యాలె" అనేది. ఫోము గుణాలు చెప్పమంటే ఆమెకు అలుపుండేది కాదు. బరువుండదు. పిల్లలు దాని మీద పడ్డా దెబ్బ తగలదు. చప్పుడు చేయదు. బ్లేడుతో చిన్న గాటు పెడితే సైనికుడి అడుగు పలక అందులో ఇమిడిపోతుంది. అవసరం తీరాక గాటు మళ్లీ మూసుకుంటుంది. "గట్టి ప్లాస్టిక్ కొండ ఎట్లుందో అట్లనే ఉంటది. నా కొండ నేను చెప్పినట్టింటది" అని మురిసిపోయేది.

ఆమెకు ఒక ప్రత్యర్థి ఉండేవాడు. చౌటా బజార్ సందులో బొమ్మల దుకాణం నడిపే హస్ముఖ్‌భాయ్. ఆయనా సేకరించేవాడు. కాని ఆయన దారి వేరు. పాత రేకు కోటలు, గట్టి ప్లాస్టిక్ బురుజులు, విప్పని డబ్బాలు. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. వదిన తన మొదటి వంతెనను చూపిద్దామని తీసుకువెళ్తే రెండు వేళ్లతో నొక్కి చూసి, "ఫోమ్ తో కచరో ఛే, బెన్" అన్నాడు. ఫోమంటే చెత్త అక్కా అని! వదిన ముఖం జేవురించింది. తన వచ్చీరాని గుజరాతీలో, "మీ కోటలు బీరువాలో ఉంటాయి కాబట్టి నిలబడ్డాయి, మా ఇంటికి తీసుకురండి చూద్దాం" అని సవాలు చేసింది.

ఆయన నిజంగానే వచ్చాడు. చంకలో రేకు కోటను గుడ్డలో చుట్టి తెచ్చాడు. మేడమెట్లు ఎక్కుతుండగానే నేల కంపనం తెలిసి ఒక్క క్షణం గోడ పట్టుకున్నాడు. బల్ల మీద ఒక పక్క ఆయన కోట, ఒక పక్క వదిన కొండ. ఇద్దరూ తమ తమ సైనికులను నిలబెట్టారు. మేమంతా చుట్టూ చేరాం. రేకు కోట కింది మగ్గాల తాళానికి తగ్గట్టు గలగలమని మోగింది. బురుజు మీదివాడు మొదట పడ్డాడు, ద్వారపాలకుడు తరువాత. కొండ మీదివాళ్లు అలాగే ఉన్నారు. హస్ముఖ్‌భాయ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఏ తో తమారా ఘర్‌నో ప్రాబ్లెమ్ ఛే" అన్నాడు. అది మీ ఇంటి సమస్య తప్ప నా కోట దోషం కాదని! అందరం గొల్లుమని నవ్వాం. వదిన కూడా నవ్వి చాయ్ పెట్టింది. ఆ రోజు మొదలైన వాదం ఏళ్ల తరబడి సాగింది. వాదించుకోవడానికే వాళ్లిద్దరూ కలుసుకునేవారని నా అనుమానం.

ఫోముకు ఓటమి లేదనుకుంటే పొరపాటు. ఒక ఆదివారం అందరం డుమస్ సముద్రతీరానికి వెళ్లాం. అక్కడి నల్ల ఇసుక చూసి వదినకు ఆశ పుట్టింది. సంచిలోంచి గోడలు, కందకాలు తీసి ఇసుకలో సైన్యాన్ని దించింది. మేము టమాటా భజియాలు తింటున్నాం. ఒక్కసారి సముద్రపు గాలి లేచింది. గోడ ఒకటి ఎగిరి దొర్లుకుంటూ పరుగు తీసింది. దాని వెనుక కొంగు నడుముకు చుట్టి వదిన. ఆమె వెనుక, ఎవరిదో బిడ్డ తప్పిపోయిందనుకుని భజియాల బండివాడు. గోడను పట్టుకుని ఆయాసపడుతూ తిరిగి వచ్చిన వదినను చూసి అన్న, "నీ కోట ముంబై దిక్కు పారిపోతున్నదే!" అన్నాడు. ఆమె కోపగించుకోలేదు. గోడను అటూ ఇటూ తిప్పి చూస్తూ, "గాలికి నిలువది. బరువు గావాలె దీనికి" అన్నది. మరుసటి వారానికి మగ్గం తుక్కులోని పాత నట్లు ఆమె గోడల అడుగున చేరాయి.

అంతకంటే పెద్ద దెబ్బ తరువాత తగిలింది. ఆమె మొదటి కొండ, స్వప్న తలగడగా వాడిన ఆ కొండ, ఒక వానాకాలం తరువాత పసుపుపచ్చగా మారింది. ముట్టుకుంటే వేళ్లకు అంటుకునేది. ఆ తరువాత పొడిపొడిగా రాలడం మొదలైంది. వదిన దాన్ని ప్లాస్టిక్ కవరులో కప్పి చూసింది, నీడలో పెట్టి చూసింది. ఆగలేదు. ఒక ఉదయం చూస్తే సైనికులు పసుపు పొడిలో పడి ఉన్నారు. ఆమె ఆ పొడినంతా ఒక సంచిలోకి ఎత్తి, నన్ను తోడు తీసుకుని హస్ముఖ్‌భాయ్ దుకాణానికి నడిచింది. సంచిని గల్లా బల్ల మీద పెట్టి, "భాయ్, మీరు చెప్పిందే నిజమైంది" అన్నది.

ఆయన ఎగతాళి చేస్తాడనుకున్నాను. ఆయన చిటికెడు పొడి తీసుకుని వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "మొదట ఇది ఏ రంగు?" అని హిందీలో అడిగాడు. ఆకుపచ్చ అని చెప్పింది. "మరి పసుపుగా ఎందుకు మారింది? ఎండకా, తేమకా?" తెలియదన్నది వదిన. "నాకూ తెలియదు. చూద్దాం" అన్నాడాయన. ఎదుటివాడి ఓటమి కంటే ఆ కారణమే ఆయనకు ముఖ్యమనిపించింది. మనుషుల్లో అలాంటివారు అరుదు. అలాంటివారిద్దరు ఒకరికొకరు తారసపడటం మరింత అరుదు.

అప్పటినుంచి మా మేడ మీది డాబా ప్రయోగశాల అయింది. పరుపుల స్పాంజి ఒకటి, చెప్పుల అడుగుకు వాడే షీటు ఒకటి, యంత్ర భాగాల పెట్టెల్లో వచ్చే తెల్ల ఫోము ఒకటి. ఎండలో ఒక ముక్క, తొట్టి పక్కన తేమలో ఒక ముక్క, అటక మీద చీకట్లో ఒక ముక్క. ఆదివారం ఆదివారం హస్ముఖ్‌భాయ్ వచ్చి, వదినతో కలిసి ఒక్కొక్కటి గిల్లి చూసేవాడు. పరుపుల స్పాంజి మెత్తనిదే గాని ఆయువు లేనిదని తేలింది. చెప్పుల షీటు అన్నిటికంటే గట్టి ప్రాణం. ఇంతలో ఒక వింత జరిగింది. థర్మాకోల్‌తో చేసిన ఎత్తైన బురుజుకు వదిన తన చీరల జిగురునే రాసి అతకబోయింది. జిగురు తాకినచోటల్లా బురుజు సుయ్యిమని కుంగిపోయి, నిమిషంలో గుల్లయింది. ఇంకొకరైతే అయ్యో అనేవారు. వదిన రెండో ముక్క తెచ్చి దాని మీద కూడా ఒక చుక్క వేసి, ముక్కు దగ్గరగా పెట్టి చూస్తూ, "తినేస్తున్నది సారూ, చూడు చూడు, ఎట్ల తింటున్నదో!" అని మురిసిపోయింది.

ఆమె యుద్ధభూములలో యుద్ధం జరగడం నేనెన్నడూ చూడలేదు. ఒకనాడు హఠాత్తుగా, "గింతమంది ఉన్నరు గదా, వీళ్లకు అన్నం వండెటోడు ఏడి?" అని అడిగింది. ఏ డబ్బాలోనూ వంటవాడు లేడు. ఆ ప్రశ్న ఆమెను నిలవనీయలేదు. నల్ల షీటుతో పొయ్యి కోసింది, బూడిదరంగు షీటుతో పెద్ద గుండిగ. మోకాలి మీద కూర్చుని గురిపెట్టిన ఒక సైనికుడి తుపాకీని గరిటె ఆకారంలో చెక్కి పొయ్యి ముందు కూర్చోబెట్టింది. బట్టలు ఆరేసే తీగ వచ్చింది, నీళ్ల తొట్టి వచ్చింది. హస్ముఖ్‌భాయ్ మాత్రం తుపాకీ కోసినందుకు నెల రోజులు బాధపడ్డాడు. "అసలు రూపం చెడగొట్టారు బెన్" అనేవాడు. "ఆకలైతె ఏ రూపముంటది భాయ్?" అనేది వదిన.

ఆ తరువాత కొంతకాలానికి వదినకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. ప్రాణానికి ముప్పు తప్పినా, రాళ్లు అతికే పని ఇక కుదరదని వైద్యులు చెప్పారు. ఆస్పత్రి నుంచి వచ్చిన వదిన గోడవైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదు. ఫిజియోథెరపిస్టు ఇచ్చిన రబ్బరు బంతిని నొక్కమంటే విసిరికొట్టింది. అన్న నన్ను వాకిట్లోకి పిలిచి, "ఏం చెయ్యాల్నో సమజైతలేదు శంకరూ. తిట్టినా బాగుండు. ఏం అడుగుత లేదు. ఏది అడుగుత లేదు" అన్నాడు. ప్రశ్నలు వేయని వదినను మేము అంతకుముందు చూసి ఉండలేదు. అందుకే మాకు అంత భయమేసింది.

స్వప్నే ఒక పూట అటక మీది డబ్బా దించి మంచం పక్కన బల్ల మీద పరిచింది. వదిన చాలాసేపు చూసి, పడిపోయిన చెయ్యిని ఎడమచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టుకుంది. ఒక సైనికుణ్ణి పట్టుకోబోయింది. జారిపోయాడు. మళ్లీ పట్టుకుని నిలబెడితే చెయ్యి వణికి పడిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ బొమ్మలను ఏనాడూ ముట్టుకోని మా అన్న లేచి వెళ్లాడు. ఒక మందపాటి షీటు ముక్క, బ్లేడు తెచ్చుకుని మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఎంత లోతు కొయ్యాలె?" అని అడిగాడు.

వదిన మాట అప్పటికి ఇంకా ముద్దగానే వచ్చేది. "గంత గాదు... ఎక్కువైతె వదులైతడు" అన్నది.

"గింత సాలా?"

"జర వెడల్పు. నా చెయ్యి వణుకుతది గదా."

అన్న గాటు కొంచెం వెడల్పు చేశాడు. వదిన సైనికుణ్ణి తడుముకుంటూ తెచ్చి, వంకరగా గుచ్చింది. ఫోము ఆ వంకరను సర్దుకుని వాణ్ణి పట్టుకుంది. వాడు నిలబడ్డాడు. వదిన అన్న ముఖంలోకి చూసి, "నువ్వు గింత మంచిగ కోస్తవని నాకెందుకు చెప్పలే?" అన్నది. ఎన్నో రోజుల తరువాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది. అన్న తల వంచుకుని తరువాతి గాటు కోస్తూ కూర్చున్నాడు. ఆయన భుజాలు కదలడం నేను చూశాను.

ఆ తరువాత రోజూ అదే సాధన. అన్న కోయడం, ఆమె గుచ్చడం. చెయ్యి పూర్తిగా రాలేదు గాని బొటనవేలు, చూపుడువేలు కలిశాయి. గ్లాసు పట్టుకోగలిగింది. అన్నం తానే తినగలిగింది. ఫిజియోథెరపిస్టు ఆ ఫోము ముక్కను చూసి నవ్వి, "బంతి మానేయండి, ఇదే చేయండి" అన్నాడు.

ఆమెను చూడటానికి హస్ముఖ్‌భాయ్ కొంత ఆలస్యంగా వచ్చాడు. ఆయనకూ మోకాళ్లు పనిచేయడం లేదు. మెట్లెక్కి వచ్చి కూర్చుని, పరామర్శ మాటలేవీ మాట్లాడకుండా చొక్కా జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. అందులో ఒక సీసపు సైనికుడు. టోపీ మీద ఎర్ర రంగు ఇంకా చెదరలేదు. ఆయన బీరువాలోంచి ఎన్నడూ బయటికి తీయని వాడు, ఏళ్ల కిందట వదిన ఒక్కసారి చేతిలోకి ఇవ్వమని అడిగినా ఆయన ఇవ్వనివాడు. ఆయన వాణ్ణి వదిన చేతిలో పెట్టాడు. వదిన వణికే వేళ్లతో తీసుకుని తన కొండ మీద గాటులో నిలబెట్టింది. సీసం బరువుకు ఫోము కొంచెం దిగింది, ఆ తరువాత ఆగింది.

"పడ్తడా?" అని అడిగింది వదిన.

"నహీ పడే, బెన్" అన్నాడు హస్ముఖ్‌భాయ్. పడడు.

ఆ సైనికుణ్ణి ఆయన తిరిగి తీసుకువెళ్లలేదు.

వదిన చదువుకున్నది తక్కువ. సన్మానాలు, బిరుదులు ఆమె ఎరుగదు. కాని ప్రపంచంలోని ఏ చిన్న వస్తువునైనా 'ఇది ఎందుకిట్లున్నది?' అని అడిగే కుతూహలం ఆమెకు పుట్టుకతో వచ్చిన సంపద. ఏళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్న నాకు, పిల్లవాడు ప్రశ్న వేస్తే విసుక్కోకుండా వినడం ఆమెను చూసే అలవడింది. ఓడిపోయినప్పుడు సంచి మోసుకుని ప్రత్యర్థి దగ్గరికి నడిచి వెళ్లగల నిజాయితీని నేను ఆమెలోనే చూశాను. అన్నకు ఆమె ఎడబాటు ఎంతటిదో రాయడం నా శక్తికి మించిన పని.

పెద్దకర్మ నాడు బంధువులు భోజనాలు చేస్తుండగా వదిన ఫోన్ మోగింది. అన్న దాన్ని చూసి, తాను మాట్లాడలేనని నాకు అందించాడు. అవతల ఎవరో మన తెలుగువాడే. ఊరి పక్కనున్న హజీరా కంపెనీ కాలనీ నుంచి. నేను నోరు తెరిచేలోపే, "అక్కా, నమస్తే. నువ్వు చెప్పినట్టె రెండు షీట్లు అతికినం. పెద్ద వంతెన గదా, నడుమల కుంగుతున్నది. కింద ఏం పెట్టాలె?" అన్నాడు. ఆయనా ఆయన కూతురూ ఈమధ్యనే సెట్లు సేకరించడం మొదలుపెట్టి, వదినను ఫోన్‌లో అడిగి నేర్చుకుంటున్నారని తరువాత తెలిసింది. నేను సంగతి చెప్పాను. ఆయన వెనుక నుంచి ఆడపిల్ల గొంతు వినిపించింది: "బాపూ, అత్త ఏం పెట్టుమన్నది?"

నేను ఫోన్ చేత్తో మూసి అన్నను అడిగాను. "కొయ్యమన్నకాడ కోసిన శంకరూ. గవన్ని నాకేం ఎరుక?" అన్నాడు. మూలన కుర్చీలో కూర్చున్న హస్ముఖ్‌భాయ్‌ని అడిగాను. ఆయన కళ్లద్దాలు తీసి తల అడ్డంగా ఊపాడు. ఆ పాప ఇంకా లైన్‌లోనే ఉంది. ఆ జవాబు సూరత్ అంతా గాలించినా దొరుకుతుందని నాకు నమ్మకం లేదు.

సరోజన వదినకు నా నమస్కారం.